పేరు తెలుసు, ఇల్లు తెలియదు: చిన్న ఆఫీసు నెట్‌వర్కులో కంప్యూటర్ పేర్ల చిక్కులు

"కంప్యూటర్ పేరును చిరునామాగా మార్చేది ఏది?" అని పరీక్షలో అడిగితే మన విద్యార్థి "డి.ఎన్.ఎస్." అని ఠక్కున రాసేస్తాడు. రెండు మార్కులూ పడతాయి. ఈ కాలేజీలో చదువుకునే రోజుల్లో నేనూ అలాగే రాశాను. తీరా ఉద్యోగంలో చేరి, ఆరు కంప్యూటర్లున్న ఒక చిన్న ఆఫీసుకు రిపేరు కోసం వెళితే, ఆ ఆరింటి పేర్లూ తెలిసిన డి.ఎన్.ఎస్. సర్వరు అక్కడ లేనే లేదు! అయినా మొన్నటిదాకా పేర్లు పలికాయి. నిన్నటి నుంచి పలకడం మానేశాయి. అప్పుడర్థమైంది, నేను చదివింది సగమేనని. మిగతా సగం గురించే ఈ వ్యాసం.

పేరెందుకు, చిరునామా ఎందుకు?

కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది అంకెలతో. 192.168.0.10 వంటి ఐ.పీ. చిరునామా ఉంటేనే సమాచారం చేరవలసిన చోటికి చేరుతుంది. మనుషులకు అంకెలు గుర్తుండవు, కాబట్టి ప్రతి యంత్రానికీ ఒక పేరు పెట్టుకుంటాం. పేరు చెబితే అంకె వెతికి తెచ్చే పని ఎవరో ఒకరు చేయాలి. పల్లెటూరికి కొత్తగా వచ్చిన మనిషి "సుబ్బయ్యగారిల్లు ఎక్కడండీ?" అని అడిగినట్టే ఇది. పెద్ద పట్నంలో అయితే రిజిస్టరు చూడాలి. చిన్న వీధిలో అయితే నడిమధ్య నిలబడి కేకేస్తే చాలు, సుబ్బయ్యగారే బయటికి వచ్చి "ఇదిగో ఇక్కడ" అంటారు. నెట్‌వర్కులోనూ సరిగ్గా ఈ రెండు పద్ధతులే ఉన్నాయి.

మొదటి రోజుల్లో రిజిస్టరు ఒక్కటే ఉండేది. అమెరికాలో ఆర్పానెట్ నడిచిన కాలంలో, అన్ని యంత్రాల పేర్లూ చిరునామాలూ ఒకే ఫైలులో రాసి ఉండేవి. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రిసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ నడిపిన సమాచార కేంద్రం ఆ ఫైలును చూసుకునేది. మిగతావాళ్ళు దాన్ని నకలు తెచ్చుకునేవారు. యంత్రాలు పెరిగేకొద్దీ ఒక్క ఫైలు సరిపోలేదు. 1983లో పాల్ మొకపెట్రిస్ డి.ఎన్.ఎస్. పద్ధతిని రూపొందించాడు. ఒకే రిజిస్టరును ముక్కలు చేసి, ఎవరి ముక్క వాళ్ళే చూసుకునే ఏర్పాటన్నమాట. 1987లో వచ్చిన 1034, 1035 నంబర్ల ఆర్.ఎఫ్.సీ. పత్రాలే నేటికీ దానికి ఆధారం. అయితే ఆ పాత ఫైలు చచ్చిపోలేదు. "హోస్ట్స్" అనే పేరుతో నేటికీ ప్రతి విండోస్ కంప్యూటర్‌లోనూ ఒక మూల కూర్చుని ఉంది. దాని సంగతి ముందు ముందు వస్తుంది.

కేక వేసే పద్ధతి వేరే దారిన వచ్చింది. 1983లో ఐ.బీ.ఎమ్. కోసం సైటెక్ అనే కంపెనీ నెట్‌బయోస్‌ను తయారు చేసింది. ఇందులో పేరుకు 16 స్థానాలు. 15 పేరుకు, చివరిది ఆ యంత్రం చేసే సేవ ఏమిటో చెప్పే గుర్తుకు. ఒక కంప్యూటర్ "లెడ్జర్ అనేవారు ఎవరు?" అని 137వ యు.డీ.పీ. పోర్టులో అందరికీ వినబడేలా అడుగుతుంది. లెడ్జర్ అనే యంత్రం తన చిరునామా చెబుతుంది. విండోస్ విస్టా నుంచి ఎల్.ఎల్.ఎమ్.ఎన్.ఆర్. అనే ఇంకో కేక వచ్చింది. దానిది 5355వ పోర్టు. చివర ".లోకల్" ఉండే పేర్లకు ఎమ్.డీ.ఎన్.ఎస్. ఉంది. దానిది 5353. మూడింటికీ ఉన్న పోలిక ఒకటే. ఈ కేక వీధి చివరి దాకానే వినబడుతుంది. రూటరు అనే గోడ దాటి అవతలికి పోదు. ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకుంటే సగం చిక్కులు విడిపోతాయి.

విండోస్ కంప్యూటర్‌కు ఒక పొట్టి పేరు ఇస్తే అది సుమారుగా ఈ వరుసలో వెతుకుతుంది: అది నా పేరేనా? హోస్ట్స్ ఫైలులో ఉందా? ఇంతకు ముందు అడిగి జ్ఞాపకం పెట్టుకున్నానా? డి.ఎన్.ఎస్. సర్వరుకు తెలుసా? అప్పటికీ దొరక్కపోతే కేక. మొదట ఏ జవాబు వస్తే దాన్నే నమ్ముతుంది. అది నిజమా అబద్ధమా అని విచారించదు.

నేను చూసిన ఒక సంగతి

ఇక ఆ ఆరు కంప్యూటర్ల ఆఫీసు విషయం. అది ఒక ఆడిటర్‌గారి ఆఫీసు. ఊరూ పేరూ మనకు అనవసరం. లోపలి గదిలో పెద్ద కంప్యూటర్, దాని పేరు లెడ్జర్. పార్టీల ఖాతాలన్నీ దానిలోనే. లోపల ఇంకో రెండు, ముందు హాలులో మూడు కంప్యూటర్లు, ఒక ప్రింటరు. నెలనెలా జి.ఎస్.టి. 3బి రిటర్నులు 20వ తేదీలోగా దాఖలు చేయాలి. నేను వెళ్ళింది 19వ తేదీ ఉదయం. ఆలస్యమైతే రిటర్నుకు రోజుకు 50 రూపాయల ఫీజు, ఆపైన వడ్డీ. అంతకంటే ముఖ్యం, పార్టీల దగ్గర పరువు.

హాలులోని మూడు కంప్యూటర్లలో లెడ్జర్ తెరుచుకోవడం లేదు. అక్కడ పనిచేసే ఆపరేటరు బి.కాం. ముగించి ఆర్నెల్ల క్రితమే చేరిన అమ్మాయి. ముందురోజు సాయంత్రం చివరిగా తాళం వేసి వెళ్ళింది ఆమే.

"చూడవయ్యా, ఇంటర్నెట్టు అన్నిట్లోనూ బ్రహ్మాండంగా వస్తోంది. అంటే నెట్‌వర్కు బాగానే ఉన్నట్టే గదా? ఈ అమ్మాయే ఏదో నొక్కి చెరిపేసింది. ఒకటో తారీకు నుంచి రానక్కర్లేదని చెప్పేశాను" అన్నారు ఆడిటర్‌గారు.

"నేనేం ముట్టుకోలేదు సార్. మామూలుగా షట్‌డౌన్ చేసి వెళ్ళానంతే" అంది ఆ అమ్మాయి నాతో. గొంతులో వణుకు ఉంది.

ఆడిటర్‌గారి తర్కంలో లోపం చూడండి. ఇంటర్నెట్ రావడానికి కంప్యూటర్‌కూ రూటరుకూ మధ్య దారి ఉంటే చాలు. పక్క గది కంప్యూటర్ పేరు పలకడానికి ఇద్దరూ ఒకే వీధిలో ఉండాలి. మొదటిది ఉంది గాబట్టి రెండోదీ ఉందనడం కుదరదు.

నేను ముందుగా లెడ్జర్ దగ్గరికి వెళ్ళి దాని చిరునామా చూశాను. 192.168.0.10. ఖాతాలన్నీ భద్రంగా ఉన్నాయి. లోపలి రెండు కంప్యూటర్లూ దాన్ని తెరుస్తున్నాయి. తరువాత ఆ అమ్మాయి కంప్యూటర్ దగ్గర కూర్చుని "పింగ్ లెడ్జర్" అన్నాను. ఆ పేరుగలవారు దొరకలేదని వచ్చింది. "పింగ్ 192.168.0.10" అన్నాను. వెంటనే జవాబు! అంటే తీగ బాగుంది, లెడ్జర్ బ్రతికే ఉంది, పేరు మాత్రమే తప్పిపోయింది.

అయితే ఆ జవాబులో ఒక చిన్న అంకె ఉంది. టి.టి.ఎల్. 127. విండోస్ యంత్రం పంపే జవాబు 128తో బయలుదేరుతుంది. దారిలో రూటరు తగిలినప్పుడల్లా ఒకటి తగ్గుతుంది. పక్క గది నుంచి వచ్చే జవాబు 128గానే రావాలి. 127 ఎందుకు వచ్చింది? మధ్యలో ఎవరో ఉన్నారు. ఐపీకాన్ఫిగ్ చూస్తే అమ్మాయి కంప్యూటర్ చిరునామా 192.168.1.5, దాని గేట్‌వే 192.168.1.1. లోపలి గది సున్నా వీధి, హాలు ఒకటో వీధి!

"ఈమధ్య ఏమైనా కొత్తది పెట్టారా సార్?" అని అడిగాను.

"ఏముంది, హాల్లో వైఫై సరిగా అందడం లేదని మొన్న రాత్రి మావాడొక డబ్బా తెచ్చి తగిలించాడు. అది బాగానే పనిచేస్తోంది."

అదే గోడ. పాత రూటరు నుంచి వచ్చే తీగను కొత్త రూటరు "వ్యాన్" పోర్టులో పెట్టారు. దానితో కొత్త రూటరు తన వెనుక సొంతంగా ఒక వీధి కట్టుకుని, హాలు కంప్యూటర్లకు తానే చిరునామాలు పంచింది. హాలు నుంచి అంకెతో వెళితే రూటరు అవతలికి తీసుకుపోతుంది. కేక మాత్రం గోడకు తగిలి ఆగిపోతుంది. పేరు పలకనిది అందుకే.

కథ ఇంతటితో ముగియలేదు. హాలులోని రెండో కంప్యూటర్‌లో "పింగ్ లెడ్జర్" అంటే పేరు దొరికింది! 192.168.0.4 నుంచి జవాబు కూడా వచ్చింది. అయినా ఫైళ్ళు లేవు. టి.టి.ఎల్. చూస్తే 63. అంటే 64తో బయలుదేరిన యంత్రం. విండోస్ కాదన్నమాట. వెళ్ళి చూస్తే 0.4 చిరునామాలో ఉన్నది ప్రింటరు. ఎప్పుడో ఇలాంటి చిక్కే వచ్చినప్పుడు ఎవరో మెకానిక్ తొందర పని చేశాడు. ఆ కంప్యూటర్ హోస్ట్స్ ఫైలులో లెడ్జర్ అంటే 192.168.0.4 అని రాసి వెళ్ళాడు. కాలక్రమాన లెడ్జర్‌కు వేరే చిరునామా వచ్చింది, పాతది ప్రింటరుకు పోయింది. ఫైలులోని వాక్యం మాత్రం అలాగే ఉంది. సుబ్బయ్యగారు ఇల్లు మారినా పాత రిజిస్టరు చూసి పాత ఇంటి తలుపే కొడుతున్నట్టు! మరి ఇన్నాళ్ళూ ఎలా నడిచిందని అడిగితే, ఆ కంప్యూటర్ బిల్లులు టైపు చేయడానికే వాడేవారట. లెడ్జర్‌తో దానికి పని పడలేదు.

బాగు చేయడానికి అరగంట పట్టింది. ముందు కొత్త రూటరు పేజీలోకి వెళ్ళి దాని సొంత చిరునామాను సున్నా వీధిలోనే, పాత రూటరు పంచే అంకెల బయట, ఎవరూ వాడనిదానికి మార్చాను. చిరునామాలు పంచే డీ.హెచ్.సీ.పీ. పనిని దానిలో ఆపేశాను. అటు తరువాత తీగను వ్యాన్ పోర్టు నుంచి తీసి "ల్యాన్" పోర్టులో పెట్టాను. ఈ వరుస తప్పకూడదు. ముందే తీగ మారిస్తే ఒకే వీధిలో ఇద్దరు చిరునామాలు పంచడం మొదలుపెడతారు, అది ఇంకో రభస. హాలు కంప్యూటర్లకు కొత్త చిరునామాలు ఇప్పించి, హోస్ట్స్‌లోని పాత వాక్యం తీసేసి, జ్ఞాపకాలు తుడిచేశాను. లెడ్జర్‌కు ఎప్పుడూ 0.10 మాత్రమే ఇవ్వమని పాత రూటరులో రాసిపెట్టాను. మళ్ళీ పింగ్ లెడ్జర్. జవాబు వచ్చింది, టి.టి.ఎల్. 128.

వెతకవలసిన వరుస

పై సంగతి నుంచి ఒక పద్ధతి తీసుకోవచ్చు. మన విద్యార్థులు నోటుబుక్కులో రాసుకుంటే ఎప్పటికైనా పనికొస్తుంది.

1. బాగా పనిచేస్తున్న కంప్యూటర్ ఒకటి, పనిచేయనిది ఒకటి పక్కపక్కన పెట్టుకుని చూడండి. రెండింటికీ ఉన్న తేడాయే మీ దారి. అన్నీ పనిచేయకపోతే లోపం పెద్ద కంప్యూటర్‌లోనో రూటరులోనో ఉన్నట్టు.

2. రెండింటిలోనూ "ఐపీకాన్ఫిగ్ /ఆల్" కొట్టండి. చిరునామా 169.254తో మొదలైతే దానికి చిరునామా ఇచ్చేవారే దొరకలేదు. పేరు సంగతి తరువాత, ముందు తీగ చూడండి. రెండింటి వీధులు వేరైతే మధ్యలో గోడ ఉంది.

3. అంకెతో పింగ్ చేయండి. జవాబు వస్తే తీగ మీద అనుమానం వదిలేయండి. రాకపోయినంత మాత్రాన యంత్రం చచ్చిందనీ అనుకోవద్దు. విండోస్ ఫైర్‌వాల్ పింగ్‌ను ఆపవచ్చు. ఎక్స్‌ప్లోరరులో రెండు అడ్డగీతలు పెట్టి అంకె కొట్టి చూడండి.

4. పేరుతో పింగ్ చేయండి. "దొరకలేదు" అంటే పేరు చెప్పేవారు లేరు. వేరే అంకె చూపిస్తే తప్పు చెప్పేవారు ఉన్నారు. ఈ రెండూ వేరు వేరు జబ్బులు, మందులూ వేరు.

5. తప్పు అంకె వస్తే ముందు హోస్ట్స్ ఫైలు తెరిచి చూడండి. విండోస్ ఫోల్డరులో సిస్టమ్32, డ్రైవర్స్, ఈ.టి.సి. లోపల ఉంటుంది. తరువాత "ఐపీకాన్ఫిగ్ /ఫ్లష్‌డీఎన్ఎస్", "ఎన్‌బీటీస్టాట్ -ఆర్" కొట్టి జ్ఞాపకాలు తుడవండి. రెండోదానిలో ఆర్ పెద్దక్షరం కావాలి.

6. ఆ చిరునామాలో నిజంగా ఉన్నది ఎవరో తెలియాలంటే "ఎన్‌బీటీస్టాట్ -ఏ" అని అంకె ఇవ్వండి. ఇక్కడ కూడా ఏ పెద్దక్షరమే. నెట్‌బయోస్ నడుస్తుంటే ఆ యంత్రమే తన పేరు చెబుతుంది.

7. "ఎన్ఎస్‌లుకప్" మాట నమ్మి మోసపోవద్దు. అది నేరుగా డి.ఎన్.ఎస్. సర్వరునే అడుగుతుంది. హోస్ట్స్ ఫైలు చూడదు, కేక వేయదు. ఆడిటర్‌గారి ఆఫీసులో బాగా పనిచేసే కంప్యూటర్‌లో కూడా ఎన్ఎస్‌లుకప్ "అలాంటి పేరు లేదు" అనే చెప్పింది.

తరచుగా కనిపించే మరికొన్ని కారణాలు

పేర్ల పొడవు: నెట్‌బయోస్‌కు 15 అక్షరాలే అని చెప్పుకున్నాం. ఇంగ్లీషులో "ఆఫీస్ కంప్యూటర్ 10", "ఆఫీస్ కంప్యూటర్ 11" అని ఖాళీ లేకుండా కలిపి రాసి లెక్కపెట్టండి. ఒక్కొక్కటి 16 అక్షరాలు. చివరిది తెగిపోతే రెండూ ఒకే పేరు అవుతాయి! పేరు పొట్టిగా, స్పష్టంగా పెట్టుకోవాలి. ఒక కంప్యూటర్‌ను మక్కీకి మక్కీగా నకలు తీసి రెండోదానిలో దించి, పేరు మార్చడం మరచిపోయినా ఇదే గొడవ.

పబ్లిక్, ప్రైవేట్: కొత్త నెట్‌వర్కు తగిలినప్పుడు విండోస్ దాన్ని పబ్లిక్‌గా భావిస్తే, రైల్వే స్టేషన్లో కూర్చున్నట్టు తలుపులన్నీ మూసుకుంటుంది. ఆఫీసులో ప్రైవేట్‌గా మార్చాలి. అలాగే రూటరులోని "గెస్ట్" వైఫైకి కలిసిన యంత్రాన్ని మిగతావాటితో మాట్లాడనివ్వకపోవడం ఆ ఏర్పాటు ఉద్దేశమే.

జాబితాలో కనబడకపోవడం: "నెట్‌వర్క్" కిటికీలో కంప్యూటర్ బొమ్మ లేకపోతే పేరు పలకదని చాలామంది అనుకుంటారు. అది వేరు, ఇది వేరు. పాత జాబితా పద్ధతి ఎస్.ఎమ్.బీ. మొదటి రకంపై ఆధారపడి ఉండేది. భద్రత లేని ఆ రకాన్ని 2017లో వచ్చిన విండోస్ 10, 1709 నుంచి కొత్తగా వేసేటప్పుడు పెట్టడం మానేశారు. బొమ్మ కనబడాలంటే పాతదాన్ని తిరిగి వేయకండి. "ఫంక్షన్ డిస్కవరీ" పేరుతో ఉన్న రెండు సేవలు నడుస్తున్నాయేమో చూడండి. బొమ్మ లేకపోయినా పేరు కొడితే తెరుచుకుంటే చిక్కు లేనట్టే.

రెండో డి.ఎన్.ఎస్. భ్రమ: సొంత డొమైన్ సర్వరు ఉన్న ఆఫీసుల్లో "ఎందుకైనా మంచిది" అని రెండో గడిలో 8.8.8.8 రాస్తుంటారు. మొదటివారికి తెలియకపోతే రెండోవారిని అడుగుతుందని వారి ఊహ. అలా జరగదు. "ఆ పేరు లేదు" అన్నది కూడా జవాబే, దానితో వెతకడం ఆగిపోతుంది. మొదటివారు ఏదో క్షణంలో పలకకపోతే రెండోవారి దగ్గరికి పోతుంది. బయటి సర్వరుకు మన ఆఫీసు పేర్లు తెలియవు గదా! అందుకే ఇలాంటి చోట్ల పేర్లు కాసేపు పలికి కాసేపు మూగబోతాయి.

పాస్‌వర్డు అడగడం: ఇది పేరు చిక్కు కానే కాదు. పాస్‌వర్డు అడిగిందంటే అక్కడెవరో పలికారన్నమాట. దారి దొరకలేదన్న 53వ నంబరు తప్పుకూ, అనుమతి లేదన్న 5వ నంబరు తప్పుకూ తేడా తెలిసినవాడు సగం డాక్టరు.

ఇంకొక్క మాట. కేక పద్ధతిలో ఎవరైనా "లెడ్జర్‌ను నేనే" అని అబద్ధం చెప్పవచ్చు. పాస్‌వర్డుల గుర్తులు కాజేయడానికి దొంగలు వాడే దారి ఇది. అందుకే కంప్యూటర్లు పెరిగిన ఆఫీసుకు కేకలు మాని సొంత డి.ఎన్.ఎస్. పెట్టుకోవడం మేలు.

చివరిగా

ఆరోజు మధ్యాహ్నానికల్లా హాలులో పని మొదలైంది. 20వ తేదీ సాయంత్రానికి రిటర్నులన్నీ వెళ్ళిపోయాయి. ఆడిటర్‌గారు పెద్దమనిషి. నా ఎదుటే "తప్పు నాదేనమ్మా, రేపటి నుంచి మామూలుగా రా" అన్నారు. ఆ అమ్మాయి ఏమీ అనలేదు, తలూపి తన కుర్చీలో కూర్చుంది. నేను వచ్చేటప్పుడు మాత్రం ఒక తెల్లకాగితం తెచ్చి, "సార్, ఏ కంప్యూటర్‌కు ఏ పేరో, ఏ అంకెలో దీనిమీద రాసివ్వండి, గోడకు అంటిస్తాను" అని అడిగింది. ఆ ఆఫీసులో అంతవరకు ఎవరూ చేయని పని అది. అలాంటి కాగితం ముందే ఉంటే నేను వెళ్ళవలసిన అవసరమే ఉండేది కాదు.

మన లాబొరేటరీలో కూడా ఈ ప్రయోగం చేసి చూడవచ్చు. రెండు పాత రూటర్లు, మూడు కంప్యూటర్లు చాలు. ఒకసారి వ్యాన్ పోర్టులో, ఒకసారి ల్యాన్ పోర్టులో తీగ పెట్టి టి.టి.ఎల్. ఎలా మారుతుందో, పేరు ఎప్పుడు పలుకుతుందో రాసుకోండి. రెండు మార్కుల జవాబు అప్పుడు పూర్తవుతుంది. అంతకంటే ముఖ్యం, యంత్రం పలకనప్పుడు మనిషిని నిందించే ముందు ఒక్కసారి ఆ చిన్న అంకె చూసే అలవాటు వస్తుంది. ఒక్కోసారి ఆ అంకె ఒకరి ఉద్యోగం నిలబెడుతుంది.